కులం గడిలో ఏం నింపాలె? (బాయిగడ్డ ముచ్చట్లు – 14)



పోయిన ఆదివారం సెంటినరీ కాలనీలో మా ఇంటికి నా పాత స్టూడెంట్ వచ్చింది. ఎమ్మెస్సీ చదివింది. తండ్రి ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్. చాయ తాగి చాలాసేపు ఏం మాట్లాడలే. తర్వాత ఫోన్ నా ముందట పెట్టి "మేడం, వీటిల్ల ఏది నమ్మొచ్చు?" అన్నది. స్క్రీన్ మీద మూడు యాప్‌లు. రెండు పెళ్లి సంబంధాలవి, ఒకటి డేటింగ్‌ది.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. యాప్‌ల గురించి నన్నెందుకు అడిగింది? ముప్పై ఐదు దాటినా పెళ్లి కాలేదని, ఆ గడులన్నీ నేనూ నింపి ఉంటానని ఆ పిల్లకు తెలుసు. ఆ రోజు చెప్పింది సగమే. మిగతాది ఇక్కడ రాస్తున్న.

ముందు మారుపేర్ల సంగతి.

1889లో ఇల్లందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. ఆ నూరేళ్ల గుర్తే మా కాలనీ పేరు. గోదావరిఖని బాయిలు తెరిచినంక పల్లెల నుంచి వచ్చినోళ్లు ఎందరో ఇంకొకరి పేరు మీద పనిలో చేరిండ్రు. మస్టర్‌లో ఒక పేరు, ఇంటికాడ ఒక పేరు. ఆ తేడా వల్ల కొడుకుకు రావాల్సిన ఉద్యోగం ఆగిపోయి, ఆఫీసుల చుట్టూ తిరిగిన కుటుంబాలను నేను చూసిన. కానీ బాయిలో పక్కన పనిచేసేటోనికి ఆ మనిషెవరో తెలుసు. పైకప్పు సప్పుడైతే చెయ్యి పట్టి గుంజేటప్పుడు మస్టర్ పేరు ఎవరూ అడగలే.

అంటే మనకు దొంగపేరు కొత్త కాదు. కిరాయి ఇల్లు దొరకదని పట్నంలో ఇంటిపేరు మింగినోళ్లం మనం. కాబట్టి ప్రొఫైల్‌లో పేరు మార్చిన ప్రతోడూ మోసగాడని నేననను. ఎందుకు దాచిండు, ఆ దాచుడుతో ఎవరికి నష్టం? నేను చూసేది అదే. బతుకు కోసం దాచుడు వేరు, ఎదుటి మనిషిని దోచుకునేందుకు దాచుడు వేరు.

ఇక సంబంధాల చరిత్ర చూద్దాం. వీరేశలింగం 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేయించిండు. గొప్ప పనే. కానీ ఆ వధూవరులిద్దరూ బ్రాహ్మలే. సంస్కరణ విధవరాలి దాకా వచ్చింది, మాలవాడ దాకా రాలే. గురజాడ 'లవణరాజు కల' రాసినప్పుడు రాజుకు మాల పిల్ల మీద ప్రేమ పుట్టింది కూడా కలలోనే.

అదే ఊహ మెలకువలో రాసినవాడు బాబాసాహెబ్. 1936లో లాహోర్ జాత్-పాత్ తోడక్ మండల్ కోసం 'కుల నిర్మూలన' ఉపన్యాసం తయారుచేసిండు. వాళ్లు భయపడి సభనే రద్దు చేసుకుంటే తన ఖర్చుతో అచ్చేసిండు. కులం పోవాలంటే కులాంతర వివాహమే అసలు మందు అని అందులో వాదించిండు. ఆచరణలోనూ వెనుకపడలే. 1948 ఏప్రిల్ 15న సారస్వత బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన డాక్టర్ శారదా కబీర్‌ను పెళ్లి చేసుకున్నడు.

తర్వాత పేపర్ ప్రకటనలొచ్చినయి. "కులం పట్టింపు లేదు" అని రాసి, పక్కనే "ఎస్సీ, ఎస్టీలు మన్నించాలి" అన్న ప్రకటనలు మీరూ చూసే ఉంటరు. 1990ల చివర్ల ఇంటర్నెట్ మీదికి పెళ్లి సైట్లు వచ్చినయి. మొదట భాష వారీగా, ఆ తర్వాత కులం వారీగా కూడా విడిపోయినయి. పెద్ద మనిషి చేసే పనిని కంప్యూటర్ చేసింది, అంతే. పెద్ద మనిషి కనీసం నసిగేటోడు. ఫిల్టర్ నసగదు, ఒక్క నొక్కుతో మనల్ని మాయం చేస్తది. 2020 జూన్‌లో షాదీ.కామ్ జనం నిరసనతో ఒంటిరంగు ఫిల్టర్ తీసేసింది. కులం గడి మాత్రం పోలే. దాన్ని తప్పని అడిగే గొంతులు అంత గట్టిగా లేవు మరి. 2011–12 భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం దేశంలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతమే.

నా సంగతి చెప్తా. ఒక సైటులో "కులం పట్టింపు లేదు" అని పెట్టుకున్నతను మూడు నెలలు మాట్లాడిండు. కవిత్వం, సినిమాలు, అమ్మ ఆరోగ్యం, అన్నీ. ఒక రాత్రి "ఇంతకీ మీరేమిట్లండీ?" అన్నడు. చెప్పిన. "అయ్యో, నాకేం లేదండీ, మా అమ్మ..." అన్నడు. తెల్లారేసరికి నన్ను బ్లాక్ చేసిండు. అతని ప్రొఫైల్‌కు మాత్రం 'వెరిఫైడ్' గుర్తు ఉన్నది. పేరు నిజం, ఫోటో నిజం, ఉద్యోగం నిజం. అబద్ధమైంది ఒక్క ఆ నాలుగో గడి. దాన్ని పరీక్షించే యంత్రం ఏ సైటు దగ్గరా లేదు.

మనకు ఇది మనసు నొచ్చుకునే విషయం మాత్రమే కాదు. 2017 మార్చిలో మా పక్కనే మంథని మండలం ఖానాపూర్‌లో మధుకర్ అనే దళిత యువకుడు శవమై దొరికిండు. ఆత్మహత్య అని పోలీసులు, హత్య అని కుటుంబం. హైకోర్టు ఆదేశంతో రెండోసారి పోస్టుమార్టం చేయాల్సి వచ్చింది. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను గర్భవతి అయిన భార్య కండ్ల ముందే నరికి చంపిండ్రు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ ఇద్దరిది యాప్ పరిచయం కాదు, బడి పరిచయం. కాబట్టి ప్రమాదమంతా ఫోన్‌లోనే ఉందని పిల్లల మీద అరవకండి.

ఇప్పుడు ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు వస్తా. సైటును నమ్మేముందు నేను చూసేవి ఇవి.

ఒకటి. ఎవరు నడుపుతున్నరు? కంపెనీ పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి పేరు సైటులో ఉండాలె. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలె, గడువులోపల తేల్చాలె. ఆ పేరే లేకపోతే అక్కడ మీ ఫోటో పెట్టకండి.

రెండు. పెళ్లి సైట్లు చేరేటోళ్ల గుర్తింపు పత్రాలు తీసుకోవాలని 2016 జూన్‌లోనే కేంద్రం సూచనలు ఇచ్చింది. వట్టి ఫోన్ ఓటీపీతో అందర్నీ లోపలికి రానిచ్చే సైటుకు దూరముండండి.

మూడు. ఫోటో, ఫోన్ నంబర్ ఎవరికి కనిపించాల్నో మీరే నిర్ణయించే వీలుండాలె. బ్లాక్ చేసుడు, ఖాతా పూర్తిగా తుడిపేసుడు సులువుగా ఉండాలె.

నాలుగు. కులం గడి ఖాళీగా వదిలితే ఒప్పుకుంటదా, బలవంతం చేస్తదా? బలవంతం చేసే సైటు ఎవరి కోసం కట్టిందో మీకే అర్థమైతది.

ఐదు. చూడని మనిషి పైసలడిగితే అక్కడితో బంద్. విదేశం నుంచి గిఫ్ట్ వచ్చింది, కస్టమ్స్ కట్టాలె అన్నా, క్రిప్టోలో పెడితే రెట్టింపన్నా అంతే. లాభాల వాటా పడిన నెలల మన కాలనీ పిల్లలు మరింత జాగ్రత్త. పోయినయా, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగ చేస్తే పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫోటోలతో బెదిరిస్తే రూపాయి ఇయ్యకండి, స్క్రీన్‌షాట్లు దాచి షీ టీమ్ దగ్గరికి పోండి. తప్పు మీది కాదు.

ఆరు. ముందు వీడియోలో చూడండి. మొదటిసారి కలిసేది పదిమంది తిరిగే చోట. ఒక్క దోస్తుకైనా చెప్పి పోండి.

ఇంకొకటి. పెళ్లి దాకా వస్తే, 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద మీ పేర్లు, చిరునామాలతో నోటీసు ఆఫీసులో అతికిస్తరు, 30 రోజులు ఆగాలె. ఇంట్లో ప్రమాదముంటే ముందే వకీలుతో మాట్లాడండి. జంటలకు రక్షణ, అవసరమైతే తలదాచుకునే చోటు ఇయ్యాలని 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పేరు గుర్తుపెట్టుకోండి, ఠాణాలో పనికొస్తది.

ఇవన్నీ విని ఆ పిల్ల "మరి కులం గడిలో ఏం నింపాలె మేడం?" అన్నది.

నేను నాది నింపిన. మూడు నెలల తర్వాత తెలిసే మాట మొదటి రోజే తెలియాలని. సంబంధాలు తగ్గినయి, నా రాత్రులు మిగిలినయి. కానీ ఆమెకు అదే చెయ్యమని చెప్పలే. ఒంటరిగా హాస్టల్‌లో ఉండే పిల్లకు ఆ గడి ఖాళీగా ఉంచుకునే హక్కు ఉన్నది. అది మోసం కాదు. మన తాతలు మస్టర్‌లో వేరే పేరు రాయించుకున్నంత న్యాయం.

ఆమె ఒక యాప్ తీసేసింది. రెండోదాంట్లో ఫిర్యాదుల అధికారి పేరు వెతుక్కుంటూ బస్టాండ్ దిక్కు నడిచింది.

మీరైతే ఆ గడిలో ఏం నింపిండ్రు? రాయండి. పేరు చెప్పకున్నా ఫర్వాలేదు.

జై భీమ్.