రౌతు శిరస్త్రాణము

రౌతు కొద్దీ గుఱ్ఱమని మన సామెత. ఆ రౌతు క్రిందపడిన నాడు అతని గతి యేమి? గుఱ్ఱపు పందెముల చరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానము మెల్లమెల్లగా లభించినది.

హైదరాబాదు మలకుపేటలో పందెపు గుఱ్ఱములు చదును నేలపై పరుగిడును. ఇంగ్లండులో ఇవిగాక కంచెలను, కందకములను దుమికించు పందెములును గలవు. లివర్‌పూలు చెంత ఎయిన్‌ట్రీలో జరుగు గ్రాండ్ నేషనల్ వానిలో మిక్కిలి ప్రసిద్ధము. 1923లో సార్జెంట్ మర్ఫీ అను 13 ఏండ్ల గుఱ్ఱము నెక్కి కెప్టెన్ బెన్నెట్ దానిని గెలిచెను. ఆ డిసెంబరులోనే వుల్వర్‌హాంప్టన్ పందెమున ఆయన పడిపోగా గుఱ్ఱపు డెక్క తలకు తగిలెను. స్పృహ రాకయే 1924 జనవరిలో మరణించెను. అటుపిమ్మటనే దుమికించు పందెములలో రౌతులందఱును గట్టి శిరస్త్రాణము ధరింపవలెనను నిబంధన యేర్పడెను.

శిరస్త్రాణపు లోపలి మెత్త తాను నలిగి దెబ్బ తీవ్రతను తగ్గించును. అందువలన పుఱ్ఱె పగులు ప్రమాదము తగ్గును గాని, మెదడు అదరుట పూర్తిగా తప్పదు. కనుకనే నేడు తలకు దెబ్బ తగిలిన రౌతును, వైద్యుడు పరీక్షించి అనుమతించు వఱకు, మరల పందెమునకు పోనీయరు.

తలకు రక్షణ దొరకినది. మఱి వెన్నెముక మాటయో? 1963 డిసెంబరులో ఎయిన్‌ట్రీలోనే టిమ్ బ్రూక్‌షా పడి వెన్ను విరిగి నడువలేనివాడయ్యెను. మూడు మాసములు గడచినవో లేదో, 1964 గ్రాండ్ నేషనల్‌లో ‘చెయిర్’ అను కంచెకడ పాడీ ఫారెల్‌కును అదే దురవస్థ కలిగెను. ఫారెల్‌కు నలుగురు చిన్నబిడ్డలు. నాడు రౌతులకు ముట్టు పరిహారము బహుస్వల్పము. వారిద్దఱి కొఱకు చందాలతో నారంభమైన నిధియే క్రమముగా గాయపడిన రౌతులందఱి సహాయనిధి యైనది. దాని స్థాపకులలో నొకరైన జాన్ ఆక్సీ స్వయముగా రౌతు, పత్రికారచయిత. 2009లో లాంబర్న్‌లో నెలకొల్పిన చికిత్సాగృహమునకు ఆయన పేరే పెట్టిరి.

నేడు రౌతులు పట్టుచొక్కా అడుగున మెత్తని కవచమును గూడ తొడుగుదురు. అది ప్రక్కటెముకలకు కొంత రక్షణ. వెన్ను విఱుగకుండ ఆపజాలదు. పందెము వెంట వైద్యుల వాహనము పరుగెత్తుచుండును.

పందెపు వ్యాఖ్యానమున మనకు పదేపదే వినవచ్చునవి గుఱ్ఱముల పేర్లే. కాని రౌతు తలపైనున్న శిరస్త్రాణము వెనుక బెన్నెట్ మరణము, అతని కుటుంబమునకు నేడందు సహాయము వెనుక బ్రూక్‌షా, ఫారెల్‌ల కష్టము ఉన్నవి. ముందుగనే తోచవలసిన జాగ్రత్త, మనుష్యులు పడిన తరువాత గాని తోచలేదు.