కదలని సైకిలు కథ

గానుగెద్దును చూసిన వాళ్ళకి ఒక సంగతి తెలిసే వుంటుంది. గానుగకి కట్టేముందు దాని కళ్ళకి గంతలు కడతారు. తిరిగిన చోటే తిరుగుతున్నానని తెలిస్తే ఆ ఎద్దు నిలబడిపోతుందని పెద్దలు చెప్పేవారు. పాపం, పొద్దస్తమానం నడిచీ నడిచీ, గంతలు విప్పేసరికి పొద్దున వున్న చోటే వుంటుంది.

మనిషి కూడా ఇలాంటి యంత్రం ఒకటి తన కోసం తనే చేసుకున్నాడు. అదే ఇంట్లో, వున్న చోటనే వుండి తొక్కే సైకిలు. చికాగో, టొరొంటో వంటి చోట్ల కాపురాలు చేసుకుంటున్న మన ఆడపిల్లలకి డిసెంబరు వచ్చిందంటే గుమ్మం దాటడం గగనం. రోడ్డు మీద మంచు, సాయంత్రం అయిదు కాకుండానే చీకటి. అక్కడ చాలా ఇళ్ళల్లో ఈ సైకిలు వుంటుంది. మనకిక్కడ మంచు లేకపోయినా వానలున్నాయి, రద్దీ రోడ్లున్నాయి, మోకాళ్ళ నొప్పులున్నాయి. అంచేత మన ఇళ్ళల్లోకీ వచ్చింది. వచ్చి, రెండు నెలలు గడిచాక తడి తువ్వాళ్ళు ఆరేసుకునే దండెం కింద మారింది!

అలా ఎందుకవుతుందో తెలియాలంటే దాని చరిత్ర కాస్త తెలుసుకోవాలి. మనిషికి గంతలు కట్టడం కుదరదు గదా. ఎక్కడికీ వెళ్ళటం లేదని తెలిసి తెలిసీ తొక్కాలి. ఇనుముని వంచి యంత్రం చెయ్యడం తేలికే అయింది. దాని మీద కూర్చున్న మనసుని నిలబెట్టడానికే రెండు వందల ఏళ్ళు పట్టింది.

సైకిలు పుట్టకముందే ఈ యంత్రం పుట్టిందంటే మీకు వింతగా వుంటుంది. లండనులో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆయన 1796లో జిమ్నాస్టికాన్ అనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. మన కాలి కుట్టుమిషనుకి వున్నట్టే దానికి అడుగున తొక్కుడు పలకలుండేవి, పైన చేతులతో తిప్పే పిడులుండేవి. కీళ్ళవాతంతోనూ, పక్షవాతంతోనూ బాధపడే వాళ్ళకి ఒంట్లో చురుకు తెప్పించాలని ఆయన ఉద్దేశం. కూర్చుని పని చేసుకునేవాళ్ళు చదువుకుంటూ రాసుకుంటూ కూడా దీన్ని తొక్కవచ్చునని అప్పుడే చెప్పుకున్నారు. అంటే, ఉత్తినే తొక్కడం విసుగని రెండు వందల ఏళ్ళ కిందటి వాళ్ళకీ తెలుసు.

ఆ విసుగెంత బలమైనదో చెప్పడానికి ఇంకొక ఉదాహరణ చాలు. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు ఇంగ్లండు జైళ్ళ కోసం ఒక పెద్ద మెట్ల చక్రం తయారు చేశాడు. ఖైదీలు వరసగా నిలబడి మెట్లెక్కుతూనే వుండాలి, మెట్లు కిందికి దిగిపోతూనే వుంటాయి. కొన్ని జైళ్ళలో ఆ చక్రం పిండి విసిరేది, నీళ్ళు తోడేది. చాలాచోట్ల ఉత్తినే గాలిలో తిరిగేది. 1898 నాటి జైళ్ళ చట్టంతో అక్కడ ఆ శిక్షకి కాలం చెల్లింది. చూడండి, కాలు చేసే పని ఒకటే. ఒకచోట అది వైద్యం, ఇంకొకచోట కఠిన శిక్ష. ఎందుకు చేస్తున్నామో తెలియడంలోనే వుంది తేడా అంతా.

ఇంక అసలు సైకిలు దగ్గరికి వద్దాం. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ రెండు చక్రాల బండి నడిపి చూపించాడు. దానికి తొక్కుడు లేదు, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవాలి. 1860లలో పారిస్‌లో పెడళ్ళు వచ్చాయి. తర్వాత గొలుసూ, గాలి టైర్లూ వచ్చి 1890ల నాటికి సైకిలు పిచ్చి యూరపునీ అమెరికానీ ఊపేసింది. అయితే అవి శీతల దేశాలు. నాలుగైదు నెలలు రోడ్డెక్కడానికి వుండదు. పందెపు సైకిలు వాళ్ళకి కాళ్ళు మొద్దుబారిపోకుండా వుండాలి. అలా వచ్చినవే రోలర్లు. ముందు చక్రం కింద ఒక గుండ్రని దుంగ, వెనక చక్రం కింద రెండు, మధ్యన బెల్టు. సైకిలు దేనికీ బిగించి వుండదు. తొక్కుతున్నంతసేపూ దుంగలు తిరుగుతాయి, సైకిలు నిలబడుతుంది. మనసు పక్కకి పోయిందో, మనిషీ పక్కకి పోతాడు!

ఈ రోలర్లని నాటకశాలల్లోకి కూడా ఎక్కించారు. నీగ్రో జాతి వారిని మైదానంలోకి రానివ్వడానికే ఇష్టపడని ఆ రోజుల్లో, 1899లో ప్రపంచ విజేత అయిన నల్లజాతి వీరుడు మేజర్ టేలర్ వున్నాడు. అదే ఏడాది రైలు వెనకాల తొక్కుతూ ఒక మైలుని నిమిషం లోపల దాటిన చార్లెస్ మర్ఫీ వున్నాడు. 1900 ప్రాంతం చలికాలంలో వీళ్ళిద్దరూ అమెరికాలో రంగస్థలం మీద పక్కపక్కన రోలర్లెక్కి పందేలు వేసుకున్నారు. ఇద్దరూ అంగుళం ముందుకి కదలరు. అయినా జనం టిక్కెట్లు కొని మరీ చూశారు. ఎదురుగా పోటీవాడు వుంటే, చూసేవాళ్ళుంటే, కదలని చక్రానికి కూడా రక్తం ఉడుకుతుందన్నమాట.

అదే కాలంలో ఆడవాళ్ళు కూడా పందేలకి దిగారు. స్వీడను నుంచి చికాగో వచ్చి, కుట్టుపని చేసి దాచుకున్న డబ్బుతో సైకిలు కొనుక్కున్న టిల్లీ ఆండర్సన్ అనే అమ్మాయి 1895 మొదలు ఏడేళ్ళపాటు అందరినీ ఓడించింది. చలికాలంలో ఆ పందేలు కప్పు కింద, చెక్క బాటల మీద జరిగేవి. 1902లో ఆడవాళ్ళ పందేలని ఆపేశారు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని అవసరం వస్తుంది.

తర్వాత, 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడ. అందులో వ్యాయామశాల వుండేది. ఆడవాళ్ళకి, మగవాళ్ళకి, పిల్లలకి వేరువేరు వేళలు. అక్కడ రెండు కదలని సైకిళ్ళుండేవి. వాటి ఎదురుగా గోడ గడియారం లాంటి పెద్ద ముఖం, దాని మీద రెండు ముళ్ళు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఎవరెంత తొక్కితే వాళ్ళ ముల్లు అంత తిరుగుతుంది. ఆ ప్రమాదం నుంచి బయటపడి పుస్తకం రాసిన లారెన్స్ బీస్లీ అనే సైన్సు మాస్టారు ఆ సైకిలు మీద కూర్చున్న ఫోటో ఈనాటికీ వుంది. ఎద్దుకి గంతలు కట్టారు, మనిషికి ముల్లు చూపించారు. ముందుకి కదిలేది మనం కాకపోయినా, మన వల్ల కదిలేది ఒకటి కళ్ళకి కనపడితే చాలు.

ఆ ముల్లుకి శాస్త్రం తోడయింది 1913లో. డెన్మార్కులో ఆగస్ట్ క్రోగ్ అనే శాస్త్రవేత్త విద్యుదయస్కాంతంతో బ్రేకు పట్టే సైకిలు తయారు చేశాడు. తొక్కే మనిషి ఎంత శక్తి ఖర్చుపెడుతున్నాడో దాని మీద కచ్చితంగా కొలవచ్చు. 1920లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన భార్య మేరీ క్రోగ్ కూడా వైద్యురాలు. ఊపిరితిత్తులలో గాలి రక్తంలోకి ఎలా చేరుతుందన్న విషయం మీద పరిశోధన చేసి 1914లో డాక్టరేటు తీసుకుంది. ఆ సైకిలు కొలిచే లెక్క వాట్లలో వుంటుంది. మామూలు ఆరోగ్యం వున్న మనిషి ఓ మోస్తరుగా తొక్కితే సుమారు నూరు వాట్లు. పాతకాలం నూరు వాట్ల బల్బుకి సరిపడినంత!

ఇక్కడే మన ఆడవాళ్ళకి సంబంధించిన ముఖ్యమైన సంగతి వుంది. స్త్రీ శరీరం శ్రమకి ఓర్చదని, సైకిలు తొక్కితే ముఖం పీక్కుపోతుందని పందొమ్మిదో శతాబ్దంలో డాక్టర్లే రాశారు. దానికి జవాబు ఉపన్యాసాలతో రాలేదు, కొలతతో వచ్చింది. స్వీడనులో పెర్ ఒలోఫ్ ఆస్ట్రాండ్ 1952లో ఆడా మగా, చిన్నా పెద్దా అందరి పని సామర్థ్యాన్నీ కొలిచి గ్రంథం రాశాడు. 1954లో ఆయనా, ఇర్మా రీమింగ్ అనే శాస్త్రవేత్తా కలిసి ఒక పట్టిక తయారు చేశారు. ఆరు నిమిషాలు సైకిలు తొక్కించి, నాడి చూసి, ఆ మనిషి గుండె, ఊపిరితిత్తులు ఎంత పనికి తట్టుకుంటాయో చెప్పవచ్చు. ప్రాణం మీదికి తెచ్చుకునేంత తొక్కనక్కరలేదు. ఆ పట్టికలో ఆడవాళ్ళకి వేరే గీత వుంది. ఆడదానికి ఎంత చేతనవునో ఊహించి చెప్పే రోజులు పోయి, కొలిచి చెప్పే రోజులొచ్చాయి. ఇర్మా తర్వాత ఆస్ట్రాండ్‌ని పెళ్ళాడింది. వయసు పెరిగేకొద్దీ ఆ లెక్క ఎలా మారుతుందో 1960లో వివరించింది ఆవిడే.

ఇక కొనేటప్పుడు పనికొచ్చే మాటలు. ఈ యంత్రాలన్నిటి కిటుకూ ఒక్కటే, చక్రం సుళువుగా తిరక్కుండా ఏదో ఒకటి అడ్డుపెట్టాలి. అడ్డుని బట్టి రకాలు.

మొదటిది గాలి. వెనక చక్రాన్ని ఒక చట్రంలో బిగించి, దానికి ఆనించి రెక్కల పంకా పెడతారు. వేగం రెట్టింపు చేస్తే శ్రమ ఎనిమిది రెట్లవుతుంది, అచ్చం రోడ్డు మీద ఎదురుగాలి లాగే. కానీ చప్పుడు చాలా ఎక్కువ. అపార్టుమెంట్లలో వుండేవాళ్ళు దీని జోలికి పోకపోవడం మంచిది. రెండోది అయస్కాంతం. లోహపు బిళ్ళ దగ్గరగా అయస్కాంతం పెడితే, తగలకుండానే అది వెనక్కి లాగుతుంది. ధర తక్కువ, చప్పుడు తక్కువ. మూడోది నూనె. మూతవేసిన డబ్బాలో చిక్కని సిలికాను నూనె, అందులో తిరిగే రెక్క. తొక్కుడు మెత్తగా వుంటుంది. ఈ మూడింటిలోనూ మన సైకిలు టైరు అరుగుతుంది. నాలుగో రకంలో వెనక చక్రం తీసేసి గొలుసుని నేరుగా యంత్రానికే తగిలిస్తారు. ఖరీదైనదే గానీ టైరు అరగదు, చప్పుడుండదు, కొలత కచ్చితంగా వుంటుంది. సైకిలు తొక్కడం అలవాటు లేని వాళ్ళకి, మోకాళ్ళ నొప్పుల వాళ్ళకి ఇవేవీ వద్దు. విడిగా దొరికే ఎక్సర్‌సైజు సైకిలే మేలు. సీటు ఎత్తు మాత్రం సరిచూసుకోండి. పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొంచెం వంగి వుండాలి.

ఇన్ని రకాలొచ్చినా విసుగు మాత్రం పోలేదు. దానికీ మందు వెతుకుతూనే వున్నారు. అమెరికాలో కీన్ డిమిక్ అనే రసాయన శాస్త్రవేత్త 1968లో లైఫ్‌సైకిల్ అనే యంత్రం చేశాడు. ఆ రకం సైకిళ్ళ ఎదుట దీపాలు వెలిగి, ముందు ఎత్తు వస్తోందో పల్లం వస్తోందో చూపించేవి. 2014లో జ్విఫ్ట్ అనేది వచ్చాక ఇంట్లో తొక్కేవాళ్ళు తెర మీద బొమ్మలై, ఎక్కడెక్కడి వాళ్ళూ ఒకే రోడ్డు మీద కలిసి తొక్కడం మొదలైంది. తెర మీద ఎత్తు వస్తే ఇక్కడ పెడలు బరువెక్కుతుంది. మాథ్యూ హేమన్ అనే ఆస్ట్రేలియా వీరుడు 2016 ఫిబ్రవరిలో చెయ్యి విరగ్గొట్టుకుని, అయిదారు వారాలపాటు ఇంటి గరాజులోనే తొక్కి, ఏప్రిల్లో పారిస్-రూబే పందెం గెలిచాడు.

2020లో కరోనా వచ్చి రోడ్డు పందేలన్నీ ఆగిపోయాయి. ఆ జూలైలో టూర్ డి ఫ్రాన్స్ నిర్వాహకులు ఇళ్ళల్లోంచే పందేలు పెట్టారు. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ అవే దశలు, అంతే దూరం. అప్పటికి టూర్ డి ఫ్రాన్స్ రోడ్డు మీద ఆడవాళ్ళకి మిగిలింది ఒక్కరోజు పందెమే. అదే డిసెంబరులో తెర మీద జరిగిన మొదటి ప్రపంచ పోటీలో దక్షిణాఫ్రికాకి చెందిన యాష్లీ మూల్మన్ పాసియో గెలిచింది. రెండేళ్ళు తిరక్కుండా, 2022 జూలైలో, ఎనిమిది రోజుల ఆడవాళ్ళ టూర్ రోడ్డు మీదికి వచ్చింది. జ్విఫ్ట్ పేరే దానికి తగిలించారు. 1902లో చికాగో కుట్టుపని అమ్మాయికి మూసిన తలుపు సంగతి ఇందాక చెప్పానే, అలాంటి తలుపుల్లో ఒకటి తెరుచుకోవడానికి ఇంట్లో కదలకుండా వున్న సైకిలు కూడా చెయ్యి వేసింది.

మరి మన సంగతి? ఖరీదైన తెరలు అందరికీ కుదరవు, అక్కరా లేదు. ముల్లు, పోటీ, అంకె, తోడు. ఈ నాలుగింటిలో మీ మనసుకి ఏది పడుతుందో చూసుకోండి. అంకె పడితే, గోడ మీద క్యాలెండరులో ఎన్ని నిమిషాలు తొక్కారో రోజూ రాయండి. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం వుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే అయిదు రోజులు, రోజుకి అరగంట. అరగంట రేడియో కార్యక్రమం ఒకటి పూర్తయ్యేంత. తోడు పడితే, దూరాన వున్న కూతురికి ఫోను కలిపి ఇద్దరూ ఒకే వేళకి ఎక్కండి. రెండు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, అలా మార్చి మార్చి తొక్కితే అరగంట తెలీకుండా గడుస్తుంది. ఎదురుగా ఫ్యాను తప్పకుండా వుండాలి. రోడ్డు మీద గాలి చెమటని ఆర్పుతుంది, గదిలో ఆ గాలి వుండదు గనక తొందరగా అలసట వస్తుంది. హ్యాండిలు మీద తువ్వాలు వెయ్యండి, లేకపోతే చెమట ఉప్పుకి ఇనుము తుప్పు పడుతుంది. గుండె జబ్బు, రక్తపు పోటు వున్నవాళ్ళు డాక్టరుని అడిగే మొదలుపెట్టాలి.

ఇంకొక్క మాట. సైకిలుని అటకెక్కించేచోట, మంచం వెనకాల పెట్టకండి. రోజూ పదిసార్లు తిరిగే హాల్లో, కిటికీ ఎదుట పెట్టండి. కంటికి కనపడని యంత్రాన్ని కాళ్ళు కూడా మర్చిపోతాయి. దాని మీద తువ్వాళ్ళు ఆరేస్తే మటుకు, ఇంట్లో ఎవరు ఆరేసినా సరే, ఆ రోజు వాళ్ళ చేతే అరగంట తొక్కించండి!