ఒకే బెర్త్ ఇద్దరికి అమ్మకూడదు: సికింద్రాబాద్ రిజర్వేషన్ కంప్యూటర్ కథ

ఈ ఎపిసోడ్‌లో కంప్యూటర్ చరిత్ర చెప్పుకుందాం. కానీ మన గుంటూరు కోల్డ్ స్టోరేజీ దగ్గర మొదలుపెడదాం. లోపల మిర్చి టిక్కీలు నెలల తరబడి ఉంటాయి. కరెంటు పోతే జనరేటర్ వేస్తారు. మధ్యలో ఒక చేంజోవర్ స్విచ్ ఉంటుంది, చూశారా? కరెంటైనా రావాలి, జనరేటరైనా రావాలి. రెండూ ఒకే లైన్లోకి కలిసి రాకూడదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

నా మొదటి ఉద్యోగంలో మేం రెండు సర్వర్లు పెట్టాం. ఒకటి పోతే ఇంకోటి ఉందిలే అనుకున్నాం. ఒక రాత్రి రెండూ ఒకేసారి పోయాయి. తీరా చూస్తే రెండిటి ప్లగ్గులూ ఒకే యూపీఎస్‌లో ఉన్నాయి! మిషన్లు రెండు కొన్నంత మాత్రాన సరిపోదని ఆ రాత్రే తెలిసింది. అప్పట్నుంచే పాతవాళ్లు ఎలా ప్లాన్ చేశారో చదవడం మొదలుపెట్టాను.

ఒకప్పుడు రైలు రిజర్వేషన్ అంటే రిజిస్టర్లే. గుంటూరు నుంచి దూరం వెళ్లి తిరిగి రావాలంటే, తిరుగు బెర్త్ కోసం టెలిగ్రామ్ కొట్టి జవాబు వచ్చేదాకా చూడాలి. 1985లో ఢిల్లీలో ఇంప్రెస్ అనే కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తర్వాత మిగతా పెద్ద నగరాలకీ వచ్చింది. అయితే ఏ ఊరి కంప్యూటర్ ఆ ఊరిదే. దీన్ని దాటడానికి రైల్వేల సాఫ్ట్‌వేర్ సంస్థ క్రిస్ కొత్తగా కాన్సర్ట్ రాసింది. 1994లో అది మొదట మొదలైంది మన సికింద్రాబాద్‌లోనే. 1999లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ ఐదూ కలిసిపోయాయి.

ఇవి ఐబీఎం మెయిన్‌ఫ్రేములు కావు, డెక్ కంపెనీ వీఎమ్మెస్ మిషన్లు. 1983లో డెక్ తెచ్చిన వ్యాక్స్ క్లస్టర్‌లో అనేక మిషన్లు ఒకే డిస్కుల్ని పంచుకుంటాయి. ఇప్పుడు అసలు చిక్కు చూడండి. రెండు మిషన్ల మధ్య లింకు తెగింది. ఒక్కోటీ "రెండోది చచ్చిపోయింది, ఇక నేనే" అనుకుంటుంది. రెండూ అదే బెర్త్ అమ్మేస్తాయి!

దీనికి మందు ఓట్లు. మిషన్‌కి ఒక ఓటు, ఒక డిస్కుకి ఇంకో ఓటు, మొత్తం 3. కనీసం 2 ఓట్లు ఉన్న వైపే పనిచేస్తుంది. రెండో వైపు తనంతట తానే ఆగిపోతుంది. ఇదీ మన చేంజోవర్ స్విచ్చే! ఇక ఊళ్ల మధ్య లావాదేవీల్ని ఆర్టీఆర్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకునేది: అయితే పూర్తిగా జరగాలి, లేదంటే అసలు జరగకూడదు.

1994లోనే ఐబీఎం మెయిన్‌ఫ్రేములకి ప్యారలల్ సిస్‌ప్లెక్స్ తెచ్చింది. అక్కడ మిషన్లన్నీ పంచుకునే సమాచారం కప్లింగ్ ఫెసిలిటీలో ఉంటుంది. అది ఒక్కటే ఉంటే, అది పోయిన రోజు అన్నీ ఇబ్బందిలో పడతాయి. అందుకే అవి కూడా రెండు పెట్టి ప్లాన్ చేస్తారు. నా యూపీఎస్ కథే, కాస్త పెద్ద సైజులో.

హై అవైలబిలిటీ అంటే ఎప్పుడూ ఆగకపోవడం అనుకుంటాం. కాదండీ. ఆగాల్సి వస్తే ఎవరు ఆగాలో ముందే రాసిపెట్టుకోవడం. కౌంటర్ పది నిమిషాలు ఆగితే లైన్లో నిలబడతాం, తిట్టుకుంటాం, అంతే. ఒకే బెర్త్ ఇద్దరికి అమ్మితే, అర్ధరాత్రి పసిబిడ్డతో ఎక్కినామె ఎక్కడ కూర్చుంటుంది?

మీ ఆఫీసులో రెండో సర్వర్ ఉంటే, రేపు వెళ్లి దాని ప్లగ్ ఎక్కడుందో ఒక్కసారి చూడండి. ఏం కనిపించిందో కామెంట్లలో చెప్పండి. ఉంటానండీ!