బీరు దిగిన రేవు

సూరత్‌లో తపతి దాటి ఉత్తరంగా పోతే కోసాడ్ వస్తుంది. ఇక్కడ బీరు షాపు కోసం వెతకడం దండగ, గుజరాత్‌లో మద్యనిషేధమే. చావుకీ పండక్కీ కల్లు ఉండాల్సిందేననే తెలంగాణ నుంచి సూరత్ మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలీలకు మొదట్లో ఇది మింగుడుపడి ఉండదు.

చిత్రమేమంటే, ఇంగ్లిషు బీరు మన దేశంలో తొలినాళ్లలో దిగిన రేవుల్లో సూరత్ ఒకటి. 1613లో జహంగీర్ అనుమతితో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కొఠీ పెట్టింది. 1689లో వచ్చిన పాదరీ జాన్ ఒవింగ్టన్, ధర ఎంతున్నా దొరలు సీమ నుంచి వచ్చిన వైన్, బీరు వైపే మొగ్గు చూపేవారని రాశాడు. మామూలు రోజుల్లో మాత్రం ఇక్కడి సారాయే గతి. అందులో పన్నీరు, నిమ్మరసం, చక్కెర కలుపుకుని తాగేవారని 1638లో సూరత్ చూసిన జర్మన్ యాత్రికుడు మాండెల్‌స్లో రాశాడు. అదే పంచ్.

బీరు దిగింది గానీ ఇక్కడ కాచలేదు. ఐసు యంత్రాలు లేని రోజుల్లో ఈ ఎండకు పులియబెట్టిన బీరు చెడిపోయేది. లండన్ నుంచి హాడ్జ్‌సన్ అనే బీరు వ్యాపారి, తర్వాత బర్టన్ ఊరి వ్యాపారులు పీపాలకొద్దీ ఓడల్లో పంపేవారు. 1850ల్లో ఎడ్వర్డ్ డయ్యర్ చల్లదనాన్నీ ఊటనీళ్లనూ చూసుకుని హిమాలయాల్లోని కసౌలీలో బట్టీ పెట్టాడు. 1915లో థామస్ లీష్‌మన్ దక్షిణాది బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ కట్టాడు. సూరత్‌కు ఆ ముచ్చట తీరలేదు.

సూరత్ పల్లెలను మార్చింది దొరల బీరు కాదు, దొరల అబ్కారీ. 1878 బొంబాయి అబ్కారీ చట్టంతో ఇంట్లో ఇప్పపూల సారా కాచుకోవడం నేరమైంది, కల్లు గీయాలంటే చెట్టుకింత పన్ను కట్టాల్సి వచ్చింది. మన గౌడన్నలకు ఈ బాధ విడమరచి చెప్పక్కర్లేదు. దుకాణాలు చాలామటుకు పార్సీ కాంట్రాక్టర్ల చేతికి పోయాయి, ఆదివాసీలు వాళ్ల దగ్గర అప్పులపాలయ్యారు. 1922లో సలాబాయి అనే దేవి పూనినవాళ్లు తాగుడు మానమని, పార్సీ దుకాణాల గడప తొక్కొద్దని చెబితే ఊళ్లకు ఊళ్లే ఒట్టు పెట్టుకున్నాయి. దూబగుంట ఆడవాళ్లు సారా మీద కొంగు బిగించడానికి 70 ఏళ్ల ముందు మాట ఇది.

గాంధేయుల పట్టుదలతో 1949లో బొంబాయి మద్యనిషేధ చట్టం వచ్చింది. 1960లో గుజరాత్ విడిపోయాక మహారాష్ట్ర పట్టు సడలించింది, గుజరాత్ పెద్దగా సడలించలేదు. ఇప్పుడు పర్మిట్ ఉన్నవాళ్లకే బీరు. చలికాలం పొద్దున సూరత్‌లో అమ్మే నీరాకు ఆ గొడవ లేదు, పులవకముందే తాగేయాలంతే.