యాయవారపు యంత్రములు

ఇంటి ఫైర్‌వాల్ రౌటరు సెట్టింగులు తెరచి, డి.హెచ్.సి.పి. అను విభాగమున అడుగుదాక దిగిపోయినవారికి, సామాన్యముగా నెవ్వరును ముట్టని రెండు ఖాళీ గడులు కనబడును: ఒకదానిపై 'నెక్స్ట్ సర్వర్' అనియు, రెండవదానిపై 'బూట్ ఫైల్ నేమ్' అనియు వ్రాసియుండును. ఈ గడులు నేటివి కావు. 1985వ సంవత్సరము సెప్టెంబరు మాసమున, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థకు చెందిన జాన్ గిల్‌మోర్ అను నిరువురు వెలువరించిన 'బూట్‌పి' అను సంకేతనియమావళిలో వీనికి తొలుత చోటు దొరకినది. నాటినుండి తీగలు మారినను, పెట్టెలు మారినను, పాత యింటి గోడలోని దీపపు గూడువలె అవి మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నవి.

కంప్యూటరును మేల్కొలుపుట యనునది మొదటినుండియు చిక్కుతో గూడిన పని. డిస్కును చదువుటకు ప్రోగ్రాము కావలెను. ఆ ప్రోగ్రామో, డిస్కులోనే యుండును. పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదు, పెండ్లి అయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత ఇంతకన్న చక్కగా అన్వయించు తావు నాకు తెలియదు. ఒక చిన్న చిప్పులో శాశ్వతముగా చెక్కిన నాలుగు మాటల ప్రోగ్రాముతో ఈ ముడి విప్పిరి. కాని డిస్కే లేని యంత్రమునకు ఆ నాలుగు మాటలును దేని కుపయోగపడవలెను? తీగవెంట కేక వేయుటకు. 1973లో జిరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధనాలయమున పుట్టిన ఆల్టో యంత్రమునకు సొంత డిస్కు ఉండెడిది. ఐనను కొన్ని మీటలను నొక్కిపట్టి మేల్కొలిపినచో, అది డిస్కు వంక చూడక, ఈథర్‌నెట్ తీగకు చెవి యొగ్గి వేచియుండెడిది. ఆ తీగపై సర్వరు మాటిమాటికి వెదజల్లుచుండిన చిన్న ప్యాకెట్టునకు అచటి పండితులు 'ప్రాణవాయువు' అను నర్థము వచ్చు పేరు పెట్టిరి. ఇంజనీర్లు పెట్టిన పేర్లలో ఇంత కవిత్వము గలది అరుదు.

ఆల్టోకు విలాసమైనది తరువాతివారికి అవసరమాయెను. 1980 దశాబ్దపు తొలినాళ్లలో ఒక్కొక్క మేజపై నొక వర్క్‌స్టేషను నుంచవలెనను కోరిక విశ్వవిద్యాలయములలో ప్రబలినది గాని, ప్రతిదానికి డిస్కు కొనగల స్తోమత ఎవ్వరికిని లేకుండెను. డిస్కు మిక్కిలి ఖరీదైనది. పైపెచ్చు రొద చేయును, వేడి పుట్టించును. కావున డిస్కులన్నిటిని ఒక సర్వరు గదిలో బంధించి, మేజలపై డిస్కు లేని యంత్రములను నిలుపుట యను పద్ధతి స్టాన్‌ఫర్డ్‌లో వేళ్లూనినది. ఆ యంత్రము మేల్కొనునప్పుడు దానికి తెలిసినది ఒక్కటే: తన ఈథర్‌నెట్ కార్డుపై ముద్రించిన 48 బిట్ల సంఖ్య. తన యూరేదో, చిరునామా యేదో దానికి తెలియదు. 1984 జూన్ మాసమున స్టాన్‌ఫర్డ్ వారే ప్రకటించిన 'రార్ప్' అను నియమావళి ఆ సంఖ్యను బిగ్గరగా చదివి, "నేనెవరను?" అని అడుగు నేర్పును దానికి ప్రసాదించినది. చిరునామా దొరకెడిది, అంతకుమించి మరేమియు దొరకెడిది కాదు. అదియును గాక, ఆ కేక ఒక్క తీగ హద్దు దాటి వినబడదు గనుక, ప్రతి తీగకును జవాబు చెప్పువాడొకడు కాపురముండవలసి వచ్చెను.

ఈ లోటును దీర్చినదే బూట్‌పి. అది చిరునామాతోపాటు, ఏ సర్వరు నడుగవలెనో, ఏ ఫైలును తెచ్చుకొనవలెనో గూడ ఒక్క జవాబులోనే చెప్పును; నడుమనున్న రౌటరు ఆ కేకను అందుకొని అవతలి తీగకు చేరవేయు నేర్పాటును గూడ అది కల్పించినది. ఇక ఫైలును మోసికొని వచ్చుట టి.ఎఫ్.టి.పి. పని. ఇది 1981 నాటికే నియమబద్ధమైనది. దీనికి సంకేతపదము లేదు, వినియోగదారుని పేరు లేదు. 512 బైట్లు పంపి, అందినదను మాట వచ్చుదాక ఆగి, మరల 512 బైట్లు పంపును. ఇంతటి అమాయకమైన పద్ధతిలోను ఒక ప్రమాదము పొంచియుండెను. ఒక్క ప్యాకెట్టు దారిలో ఆలస్యమైనచో, ఇరువైపులవారును తొందరపడి చెప్పినదే చెప్పుటచేత, అటుపిమ్మట సాగు సంభాషణ యంతయు రెండేసిమారులు జరుగుచుండెడిది. గురువు లేని వేళ మంత్రము వేసి, చీపురుకట్టలచేత నీరు మోయించి, ఆపుట తెలియక ఇల్లంతయు వరదపాలు చేసిన శిష్యుని కథను తలచి, 1989లో వెలువడిన దిద్దుబాటునందు ఈ రోగమును ఆ శిష్యుని పేరనే పేర్కొనిరి.

డిస్కు లేక తీగవెంట మేల్కొను ఈ ఆచారము మన ప్రాంతములకు వేరొక దారిని వచ్చినది. 1990 దశాబ్దమున పట్టణములందలి కంప్యూటరు శిక్షణాలయములలో నోవెల్ నెట్‌వేర్ అను సర్వరు వ్యవస్థ రాజ్యమేలుచుండెను. నేను చదివిన చోట చెప్పులు వాకిట విడిచి, చలికి వణకుచు లోనికి పోవలసియుండెడిది. హార్డ్ డిస్కు గాని ఫ్లాపీ గాని లేని 'నోడ్లు' వరుసగా నుండెడివి. లాన్ కార్డుపై గూటిలో గుచ్చిన బూట్ రోమ్ చిప్పు సర్వరును పిలిచెడిది. సర్వరు ఒక ఫ్లాపీకి అచ్చు ప్రతిబింబమైన ఫైలును పంపెడిది. నోడు లేని ఫ్లాపీని ఉన్నదని నమ్మి దానినే చదువుకొనెడిది. రజ్జుసర్పభ్రాంతికి వేదాంతులు వేరొక దృష్టాంతము వెదకనక్కర లేదు. కడకు తెరపై 'ఎఫ్:\లాగిన్>' అని కనబడినదా, తరగతి మొదలైనట్లే. పిల్లలు తెచ్చు ఫ్లాపీల వైరసు బెడద లేదని యాజమాన్యము మురిసెడిది గాని, ఏ బల్ల క్రిందనో ఒకని కాలు తగిలి తీగ కొసనున్న టెర్మినేటర్ అను బిరడా ఊడినంతనే గదిలోని నోడ్లన్నియు ఒక్కమారుగా కొయ్యబారెడివి, అంతట "ఒరే, టెర్మినేటర్ ఎవడు కదిపాడ్రా?" అని బోధకుడు మోకాళ్లపై ప్రాకుచు బల్లల క్రింద వెదకుచుండెడివాడు.

ఆపై చరిత్ర వేగముగా నడచినది. 1993లో వచ్చిన డి.హెచ్.సి.పి. బూట్‌పి ప్యాకెట్టు ఆకారమునే యథాతథముగా స్వీకరించి, చిరునామాను గడువుపై అద్దెకిచ్చుట నేర్పెను. 1999లో ఇంటెల్ సంస్థ, యంత్రము తీగవెంట మేల్కొనుటకైన పి.ఎక్స్.ఇ. నియమావళి 2.1వ కూర్పును ప్రకటించినది. వాడుకలో దీనిని 'పిక్సీ' అందురు. క్రమముగా ఆ బూట్ రోమ్ చిప్పులోని విద్య మదర్‌బోర్డులోనే కలిసిపోయినది.

డిస్కులు చవుకైన పిమ్మట ఈ యాచన అంతరింపవలసినది. కాని యాదృచ్ఛికముగా అది ఇంటికి చేరినది. 2003లో మాన్యుయల్ కాస్పర్ అను నతడు ఫ్రీబీఎస్‌డీపై నిర్మించిన మోనోవాల్, దానినుండి చీలి 2004లో మొదలైన పీఎఫ్‌సెన్స్, 2015లో వచ్చిన ఓపీఎన్‌సెన్స్ మున్నగునవి సంస్థలకు తగిన ఫైర్‌వాలును అరచేతి పెట్టెలలో గూడ నడుపునట్లు చేసినవి. ఇంటిలో చిరునామా లిచ్చువాడు ఫైర్‌వాలే గనుక, బూట్ ఫైలు పేరు చెప్పవలసినవాడును ఫైర్‌వాలే. ఇందలి విపరీతము నాకెప్పుడును నవ్వు పుట్టించును: ఎవ్వరిని నమ్మరాదను వ్రతము పట్టిన ద్వారపాలకుని చేతిలో, కేకకు ముందుగా బదులు పలికినవానినెల్ల నమ్ము వ్యవహారమును ఉంచినాము. 

ఈ వైరుధ్యము నాకు గతవర్షాకాలమున స్వానుభవమునకు వచ్చినది. డిస్కు చెడిపోయిన పాత డెస్క్‌టాప్ నొకదానిని వెనుకగదిలో పెట్టి, పై రెండు గడులను నింపి, మీట నొక్కితిని. తెరపై గీత గిరగిర తిరిగినది, చిరునామా వచ్చినది, పిదప 'పి.ఎక్స్.ఇ.-ఇ32: టి.ఎఫ్.టి.పి. ఓపెన్ టైమవుట్' అని నిలిచిపోయినది. ఫైలు పేరులోని పెద్దచిన్న అక్షరములు సరిచూచితిని, తీగ మార్చితిని, రెండు రాత్రులు గడచినవి. ఫైలున్న సర్వరు ఫైర్‌వాలునకు ఆవల వేరొక విభాగమున నున్నది. యంత్రము 69వ పోర్టు తలుపు తట్టును. సర్వరో, ఆ తలుపున కాక, అప్పటికప్పుడు తెరచిన వేరొక తలుపునుండి బదులిచ్చును. పిలిచిన తలుపు వేరు, పలికిన తలుపు వేరు గనుక, అపరిచితుడెవడో వచ్చినాడని ద్వారపాలకుడు వానిని మెడబట్టి గెంటుచుండెను. ఫైర్‌వాలులో టి.ఎఫ్.టి.పి. ప్రాక్సీ అను మీట యొకటి సరిగా దీనికొరకే యున్నది. దానిని వేయగానే 512 బైట్ల మూటలు ఒకదాని వెనుక నొకటి గడప దాటి వచ్చుట సర్వరు లాగులో కండ్లార గాంచితిని.

ఆ యంత్రమిప్పుడు వెనుకగదిలో నిత్యము పనిచేయుచున్నది. రేపటికని ఏమియు దాచుకొనక, ప్రొద్దుట మీట నొక్కినంతనే తన 48 బిట్ల గోత్రము చెప్పుకొని, తానెవరో చెప్పుడని వీథిన నిలిచి అడుగుచున్నది.