నేలను పట్టిన నార

వానాకాలంలో చీడికాడ మండలంలోని గెడ్డలు ఎర్రగా పారతాయి. ఆ ఎరుపంతా కొండవాలు నుంచి, రోడ్డు అంచుల నుంచి, పొలం గట్ల నుంచి కోసుకొచ్చిన మట్టే. కొంత కోనాం జలాశయం అడుగున మేట వేస్తుంది. మిగతాది బొడ్డేరు వెంట శారదానదిలో కలిసి సముద్రం దారి పడుతుంది. ఏటా గట్టు వేయడం, ఏటా అది జారిపోవడం ఈ తూర్పుకనుమల పాదాల్లో ఎవరికీ కొత్త కాదు. మొక్కల పీచును పరిచి ఆ మట్టిని నిలబెట్టడం పాతకాలపు విద్య. మధ్యలో దాన్ని వదిలేశాం. ఇప్పుడు ఇంజినీర్లు మళ్లీ దాని దగ్గరికే వస్తున్నారు.

బాగ్దాద్ పొలిమేరల్లో అఖర్ ఖుఫ్ అనే గోపురం ఉంది. క్రీ.పూ. 14వ శతాబ్దంలో కట్టారు. పచ్చి ఇటుకల వరుసల మధ్య రెల్లు చాపలు పరిచారు, రెల్లుతో పేనిన మోకులు లోపల బిగించారు. మూడు వేల ఏళ్లు దాటినా దాని మొండెం నిలిచే ఉంది. చైనా గోడలో హాన్ రాజుల కాలపు పడమటి భాగాలు కూడా అంతే: గులకమట్టి ఒక పొర, రెల్లూ కొమ్మలూ ఒక పొర.

మన ఊళ్లలో ఈ సంగతి ఎవరూ పుస్తకంలో రాయలేదు, చేతల్లో మాత్రం చూపించారు. చెరువుకు గండి పడితే తాటి దుంగలు పాతి, వెనక కొబ్బరి మట్టలు, ఎండుగడ్డి అడ్డం వేసి, ఇసుక నింపిన గోనె సంచులు పేర్చేవారు. గోనె సంచే ఎందుకంటే, దాని గరుకు వల్ల సంచులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తడిస్తే నార ఉబ్బి సందులు మూసుకుంటాయి. నీరు ఊటగా బయటికి వస్తుంది, ఇసుక లోపలే ఉంటుంది. ప్లాస్టిక్ బస్తాలు నున్నగా జారిపోతాయని గట్టు మీద పనిచేసిన వాళ్లందరికీ తెలుసు. నేడు ఇంజినీరింగ్ పాఠాల్లో వడపోత, వేర్పాటు, పటుత్వం అని చెప్పేవన్నీ ఆ ఒక్క గోనెలో ఉన్నాయి.

రోడ్ల కింద బట్ట పరచడం ఇరవయ్యో శతాబ్దంలో మొదలైంది. 1920లో స్కాట్లండ్‌లోని డండీలో, 1934లో కలకత్తా స్ట్రాండ్ రోడ్డులో జనపనార గుడ్డ వేశారు. అమెరికాలో సౌత్ కరోలినా రహదారుల శాఖ 1926లో పత్తి బట్టతో ప్రయత్నించింది. తర్వాత పెట్రోలియం దారం వచ్చింది. చవక, తేలిక, కుళ్లదు. 1977లో పారిస్ సదస్సులో ఫ్రెంచి ఇంజినీరు జె.పి. జిరూ ఈ బట్టలకు జియోటెక్స్‌టైల్ అని పేరు పెట్టేనాటికి నార పక్కకు తప్పుకుంది.

ఆ తప్పుకోవడం ఉత్తరాంధ్రకు ఎంత నష్టమో చెప్పుకోవాలి. మన గోగునార ఒకప్పుడు భీమునిపట్నం రేవు పేరుమీద ‘బిమ్లి జూట్’గా ప్రపంచ బజారులో చెలామణీ అయింది. కోసిన గోగును కట్టలు కట్టి, చెరువులో ముంచి, పైన బరువు పెట్టి రెండు మూడు వారాలు ఊరనిచ్చేవారు. బెరడు మెత్తబడ్డాక మొలలోతు నీళ్లలో నిలబడి, పుల్ల నుంచి నార ఒలిచి, జాడించి, ఎండలో దండేల మీద ఆరేసేవారు. ఆ కంపు భరించి, ఆ నీళ్లలో కాళ్లు పాచిపోయేలా నిలబడ్డ కూలీల మీదే చిట్టివలస, నెల్లిమర్ల మిల్లులు నడిచాయి. ధాన్యానికి, పంచదారకు గోనె సంచులే వాడాలని కేంద్రం 1987లో చట్టం చేసినా ప్లాస్టిక్ సంచిని ఆపలేకపోయింది. ఐక్యరాజ్యసమితి సహజ నారల సంవత్సరంగా ప్రకటించిన 2009లోనే చిట్టివలస మిల్లు మూతపడింది.

సంచికి కాలం చెల్లుతున్న రోజుల్లోనే నారకు ఇంకో పని ఉందని కాకినాడ చూపించింది. 1990ల రెండో సగంలో అక్కడి ఓడరేవు రోడ్డును సముద్రపు మెత్తటి బంకమట్టి మీద వేయాల్సి వచ్చింది. కాలు పెడితే దిగబడే నేల. కేంద్ర రహదారి పరిశోధన సంస్థ నిపుణులు దానిపై జనపనార బట్ట పరిచి, మీద ఇసుక పోసి, ఆపైన కట్ట వేయించారు. బట్ట నీటిని వదిలి బంకను ఆపింది. కట్ట బరువుకు అడుగునేల నీరు కక్కుకుంటూ గట్టిపడింది. 1998లో అట్లాంటా అంతర్జాతీయ సదస్సులో ఆ అనుభవాన్ని పత్రంగా సమర్పించారు. ఆంధ్రదేశంలో ఈ చరిత్రకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు కనిపించదు.

కుళ్లిపోయే నార రోడ్డు కింద ఎందుకని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. మెత్తనేలకు ఆసరా కావలసింది అది దిగి కుదురుకునేదాకానే. తర్వాత నేల తన బలం మీద తాను నిలుస్తుంది. వాలు మీద సంగతి ఇంకా తేలిక. పైన చిన్న కందకం తవ్వి నార వల అంచును పాతి, కిందికి పరిచి, ఇనుప కొక్కేలతో బిగిస్తే, ప్రతి గడీ వాన వేగాన్ని విరుస్తుంది. వల కింద చల్లిన గరిక విత్తనం తడి పట్టి మొలుస్తుంది. వేళ్లు మట్టిని పట్టేసరికి నార ఎరువై పోతుంది. వర్షం ఉధృతంగా ఉండే చోట కొబ్బరి పీచు మేలు. అందులో లిగ్నిన్ ఎక్కువ, అందుకే జనపనార కంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. ప్లాస్టిక్ వల మాత్రం గడ్డి మొలిచాక కూడా ముక్కలు ముక్కలుగా పొలంలోనే ఉంటుంది. దాన్ని మన్నిక అని మెచ్చుకోవడానికి నా మనసు ఒప్పదు.

ప్రభుత్వాలూ కొంత కదిలాయి. జనపనార బట్టలకు, కొబ్బరి పీచు భూవస్త్రాలకు భారత ప్రమాణాలు వచ్చాయి. 2020లో ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన కింద కొబ్బరి పీచు బట్ట వాడే రోడ్లలో ఆంధ్రప్రదేశ్‌కు 164 కిలోమీటర్లు కేటాయించారు. కోనసీమలో పీచుకు కొదవ లేదు.

చీడికాడ దగ్గర గెడ్డల ఒడ్లకు, కోనాం కాలువ గట్లకు, కొండ కోసి వేసిన రోడ్ల అంచులకు ఇది అచ్చంగా సరిపోయే పని. తొలకరికి ముందే వల పరచాలి, గరిక చల్లాలి. దానికి కావలసింది అంచనా పత్రంలో ఒక వరుస, మండలంలో ఆ పని తెలిసిన నాలుగు చేతులు. ఆమదాలవలస పరిశోధన కేంద్రం గోగు వంగడాలు అభివృద్ధి చేసింది. సంచి కోసం కాకపోయినా గట్టు కోసమైనా నార అడిగే కొనుగోలుదారు ఉంటే, ఆ విత్తనం మళ్లీ మన మెట్టపొలాల్లో పడుతుంది.