తలా ఒక తునక: ఫైళ్ల పంపకపు చరిత్ర

పెండ్లి పంక్తిలో వడ్డించువాడు ఒక్కడే అయినచో, పంక్తి పొడవైన కొలది చివరివాని ఆకలి పెరుగును. కూర్చున్నవారే గిన్నెను పక్కవారికి అందించుకొనినచో పని త్వరగా సాగును. కాని నడుమ ఎవరైన అందులో ఏమి కలిపిరో ఎట్లు తెలియును? కంప్యూటర్ల మధ్య ఫైళ్ల పంపకపు చరిత్ర అంతయు ఈ రెండు చిక్కుల చుట్టును తిరిగినది. ఒకటి రద్దీ, రెండవది నమ్మకము.

1969 అక్టోబరు 29న అమెరికాలో ఆర్పానెట్ అను వలపై మొదటి సందేశము పోయెను. 1971 ఏప్రిల్‌లో ఆ వలపై ఫైళ్లను పంపు నియమావళిని వ్రాసినవాడు భారతీయుడు, కాన్పూరు ఐ.ఐ.టి. తొలి జట్టు విద్యార్థియైన అభయ్ భూషణ్. ఫైలును ఒక భాండారములో ఉంచుట, కావలసినవారు వచ్చి తీసికొనిపోవుట ఆ పద్ధతి. 1991 సెప్టెంబరులో హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తన లైనక్స్ తొలిప్రతిని ఇట్టి భాండారమునందే ఉంచెను. కోరువారు కొద్దిమందియైనపుడు ఇది చాలును. లైనక్స్ పేరు పెరిగి, ఫైళ్లు పెద్దవైన పిమ్మట భాండారములపై భారము మిక్కుటమయ్యెను.

1999లో షాన్ ఫానింగ్ అను యువకుడు నాప్‌స్టర్‌ను నెలకొల్పెను. పాటలు జనుల కంప్యూటర్లలోనే ఉండెను. ఏ పాట ఎవరి వద్ద కలదో తెలుపు పట్టిక మాత్రము సంస్థ చేతిలో ఉండెను. పాటల హక్కుదారులు దావా వేయగా 2001 జూలైలో ఆ సేవ ఆగిపోయెను. పట్టిక మూతపడగానే పంపకమంతయు మూతపడెను.

అదే సంవత్సరము జూలైలో బ్రామ్ కోహెన్ బిట్‌టోరెంట్‌ను ప్రకటించెను. ఇందు ఫైలును చిన్న తునకలుగా విభజింతురు. ఒక తునక అందినవాడు దానిని వెంటనే ఇతరులకు ఇచ్చును. ఇచ్చువానికే ఎక్కువగా ఇచ్చుట, అరుదైన తునకను ముందుగా తెచ్చుకొనుట ఇందలి నియమములు. కోరువారు పెరిగిన కొలది ఇచ్చువారును పెరుగుదురు. 2005 నాటికి పట్టిక కూడ పాల్గొనువారి మధ్యనే పంచబడెను.

నేరేడ్‌మెట్‌లో ఒక ఉన్నత పాఠశాల యందు 20 కంప్యూటర్లు కలవనుకొందము. 3 గిగాబైట్ల లైనక్స్ ప్రతిని ప్రతి యంత్రమును విడిగా తెచ్చుకొనినచో బయటి తీగపై 60 గిగాబైట్లు రావలెను. ఒక ప్రతి వచ్చిన పిదప లోపలి యంత్రములే పంచుకొనినచో బయటినుండి సుమారు 3 గిగాబైట్లు చాలును.

ఇక నమ్మకము మాట. ప్రతి తునకకును గణితము వలన ఒక ముద్ర ఏర్పడును. తునకలో ఒక్క అక్షరము మారినను ముద్ర మారును. ముద్ర కలియని తునకను యంత్రము పారవేయును. కావున అపరిచితుని వద్దనుండియు తునకను తీసికొనవచ్చును. మొదట వాడిన షా-1 అను ముద్రాపద్ధతి బలహీనమని 2017లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులును గూగుల్ వారును నిరూపించిరి; ఒకే ముద్ర గల రెండు వేర్వేరు ఫైళ్లను చూపిరి. అందుచే బిట్‌టోరెంట్ రెండవ రూపము షా-256ను చేపట్టెను.

2016 ఫిబ్రవరి 20న దుండగులు లైనక్స్ మింట్ వెబ్‌సైటులో చొరబడి, ఒక లంకెను మార్చి, దొంగద్వారము గల ప్రతిని చూపునట్లు చేసిరి. టోరెంటు ద్వారా తెచ్చుకొనినవారికి ప్రమాదము లేదని నిర్వాహకులు ప్రకటించిరి. అయినను టోరెంటు ఫైలే నకిలీదైనచో దానిలోని ముద్రలు నకిలీతోనే కలియును. కావున తయారు చేసినవారి డిజిటల్ సంతకమును కూడ పరీక్షింపవలెను.

లైనక్స్‌పై ఈ పనికి ట్రాన్స్‌మిషన్ అను ప్రోగ్రాము ప్రసిద్ధము. దానిని అమర్చువారు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. ప్రోగ్రామును సర్వాధికారము గల ఖాతాపై గాక, అల్పాధికారముల ప్రత్యేక ఖాతాపై నడుపవలెను. ఒక సంచయమును మాత్రమే దానికి అప్పగించవలెను. ఫైర్‌వాలులో పంపకమునకు కావలసిన ద్వారము మాత్రమే తెరువవలెను. ట్రాన్స్‌మిషన్‌కు మామూలుగా అది 51413. దూరమునుండి నడుపు ద్వారము 9091. దానిని బయటివారికి తెరువక, రహస్యపదముతో కాపాడవలెను. తెచ్చిన ఫైలు ముద్రను షా-256తో సరిచూడవలెను. పాల్గొను ప్రతి యంత్రపు చిరునామా ఇతరులకు కనబడునని మరువరాదు. పంచుటకు అనుమతి గల వస్తువులనే పంచవలెను.

హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ డెబియన్ లైనక్స్ ఆధారముగా తెలుగులో పనిచేయు వ్యవస్థను రూపొందించినది. ఇట్టి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ఎవరైనను చట్టబద్ధముగా పంచుకొనవచ్చును. పంచుకొనుట మంచిదే, కాని సరిచూచుకొని పంచుకొనుట మేలు. ముద్రను చూడక నమ్మినవాడు తాను మోసపోవుటయే గాక, తన వద్దనుండి తీసికొనువారిని కూడ మోసగించినవాడగును.